ఎవరి గొంతుకు శ్రుతి? సంఘగానములో శ్రుతి నిర్ణయము, శ్రుతి మార్పు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము కోస్తా ప్రాంతములోని ఒక గ్రామ సంఘమునకు వాక్యపరిచర్య నిమిత్తము వెళ్ళాను. ఆరాధనలో పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. కీబోర్డు వాయించే యౌవనస్థుడు శ్రద్ధగలవాడు. సి.డి.లో విన్న శ్రుతిలోనే, అదే పరిచయ సంగీతముతో, తప్పు లేకుండా వాయించాడు. పల్లవి సగము వరకు సంఘమంతా పాడింది. రాగము పైకి వెళ్ళేసరికి ముందు చాపమీద కూర్చున్న వృద్ధ స్త్రీలు ఒక్కొక్కరుగా ఆగిపోయారు. వెనుకనున్న పురుషులు కొందరు స్థాయి దించుకొని గొణుగుతున్నట్లు పాడారు. చరణములు వచ్చేసరికి మైకు దగ్గర ఉన్న ముగ్గురి స్వరము మాత్రమే మిగిలింది. ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధురాలిని, "అమ్మా, ఆ పాట మీకు రాదా?" అని అడిగాను. "చిన్నప్పటినుండి పాడుతున్నదే అయ్యగారూ, ఇవాళ అందలేదు" అన్నది.

ఈ మాట సంగీత విద్వాంసులకు చిన్నదిగా తోచవచ్చును. అయితే సంఘ కాపరికి ఇది చిన్న విషయము కాదు. పాట తెలిసిన విశ్వాసి, పాడాలనే ఆశగల విశ్వాసి, శ్రుతి కారణముగా మౌనముగా కూర్చున్నది. ఒక పాట ఏ శ్రుతిలో ఉన్నదో గుర్తించుట, దానిని సంఘమునకు తగిన శ్రుతికి మార్చుట అనే పనిని మనము సాధారణముగా వాద్యకారులకు విడిచిపెడతాము. సంఘ చరిత్రను పరిశీలిస్తే ఈ పని ఎక్కువ కాలము గానమును నడిపించినవారి బాధ్యతగా ఉండెనని, దానికి సులువైన పద్ధతులను కనుగొన్నవారిలో సన్యాసులు, బోధకులు, ఆదివారపు బడి ఉపాధ్యాయులు ఉన్నారని తెలుస్తుంది. శ్రుతి నిర్ణయము మొదట కాపరి సంబంధమైన నిర్ణయమని, తరువాతనే వాద్య సంబంధమైనదని చూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

1. శ్రుతి, రాగము: రెండు వేర్వేరు విషయములు

చరిత్రలోనికి వెళ్ళకముందు పదములను స్పష్టము చేసుకొనవలెను. రాగము అనగా స్వరముల మధ్యనున్న దూరముల అమరిక, నడక. శ్రుతి అనగా ఆ అమరికకు ఆధారమైన షడ్జమమును ఎంత ఎత్తున నిలుపుతామనే నిర్ణయము. మన క్వయర్లలో "స్కేలు ఏమిటి?" అని అడిగినప్పుడు సాధారణముగా ఈ రెండవ విషయమునే అడుగుతున్నారు. షడ్జమము ఎక్కడ నిలిపినను, స్వరముల మధ్య దూరములు మారనంతవరకు రాగము మారదు. ఇంటిని ఎత్తైన అరుగుమీద కట్టినా, నేలమట్టమున కట్టినా గదుల కొలతలు ఒక్కటే. ఎక్కవలసిన మెట్లు మాత్రము మారుతాయి.

మన తెలుగు బైబిలు చదువరికి ఈ రెండు మాటలును కీర్తనల గ్రంథములోనే కనబడతాయి. 6వ, 12వ కీర్తనల శీర్షికలలో అనువాదకులు "అష్టమ శ్రుతి" అనే మాటను వాడారు. 46వ కీర్తన శీర్షికలో "అలామోతు" రాగముగా పేర్కొనబడింది. మొదటి దానికి మూలములోనున్న "షెమినీత్" అనే హెబ్రీ పదమునకు ఎనిమిదవది అని అర్థము. "అలామోత్" కన్యకలు అనే పదమునకు సంబంధించినది. అందుచేత కొందరు వ్యాఖ్యాతలు మొదటి దానిని పురుషుల క్రింది స్థాయిగాను, రెండవ దానిని స్త్రీల పై స్థాయిగాను తలంచారు. మరికొందరు ఎనిమిది తంతుల వాద్యమని భావించారు. ఈ చర్చ ముగియలేదు. అయితే 1 దినవృత్తాంతములు 15:20-21లో ఈ రెండు పదములు వరుసగా, వేర్వేరు వాద్యకారుల పేర్లతో కలిసి రావడము గమనింపదగినది. మందసము ఎదుట గానము చేయవలసినవారిని నియమించినప్పుడు ఎవరు దేనిమీద వాయించవలెనో కూడ నిర్ణయించబడింది.

2. మధ్యయుగ సంఘము వేసిన రెండు ప్రశ్నలు

పాశ్చాత్య సంఘములో మధ్యయుగపు ఆరాధన గానము ఒకే స్వరరేఖతో, ఎక్కువగా వాద్యము లేకుండ సాగేది. ఆ గానములను ఎనిమిది రీతులుగా విభజించి పాడేవారు. ఒక గానము ఏ రీతికి చెందినదో గుర్తించుటకు వారు రెండు ప్రశ్నలు వేసేవారు. మొదటిది, ఈ గానము ఏ స్వరముమీద ముగుస్తున్నది? రెండవది, ఆ ముగింపు స్వరమునకు పైన ఎంత దూరము, క్రింద ఎంత దూరము వెళుతున్నది? ముగింపు స్వరములు నాలుగు. ఒక్కొక్క ముగింపు స్వరమునకు పైకి సాగే రీతి ఒకటి, క్రిందికి కూడ విస్తరించే రీతి ఒకటి. ఆ విధముగా రీతులు ఎనిమిది అయ్యాయి.

ఈ రెండు ప్రశ్నలను పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెనని కోరుచున్నాను. నేటి పాటకు శ్రుతిని గుర్తించుటకైనను, మార్చుటకైనను అవే రెండు ప్రశ్నలు సరిపోతాయి. పాట ఎక్కడ విశ్రమిస్తున్నది అనేది ఆధార షడ్జమమును తెలుపుతుంది. ఎంత పైకి, ఎంత క్రిందికి వెళుతున్నది అనేది ఆ షడ్జమమును ఎక్కడ నిలపవలెనో తెలుపుతుంది.

11వ శతాబ్దములో ఇటలీలోని అరెజ్జో పట్టణములో బోధించిన గీడో అనే సన్యాసి ఈ విషయములో ఒక గొప్ప మేలు చేశాడు. ఆయన కాలములో గాయకులు గురువు నోట విని ఒక్కొక్క గానమును కంఠస్థము చేసేవారు. ఇందుకు అనేక సంవత్సరములు పట్టేది. బాప్తిస్మమిచ్చు యోహానును గూర్చిన ఒక లాటిను కీర్తనలో మొదటి ఆరు పాదభాగములు ఒక్కొక్క స్వరము పైన ఆరంభమవుతాయి. గీడో ఆ భాగముల మొదటి అక్షరములను తీసికొని ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని స్వరములకు పేర్లు పెట్టాడు. వీటిలో మి, ఫాల మధ్య మాత్రమే అర్ధస్వర దూరము, మిగిలినచోట్ల పూర్ణస్వర దూరము. ఈ ఆరు పేర్ల వరుసను మూడు వేర్వేరు చోట్ల ఆరంభించి పాడే పద్ధతి గీడో తరువాత స్థిరపడింది. అనగా "ఉత్" ఒకే చోట కట్టివేయబడిన స్వరము కాదు. అది కదిలే ఆధారము.

స రి గ మ నేర్చుకున్న తెలుగు విద్యార్థికి ఇందులో ఆశ్చర్యము లేదు. మన షడ్జమము ఎప్పుడును కదిలేదే. గాయకుని గొంతు ఎక్కడ నిలిస్తే అక్కడ "స". గీడో పద్ధతిలోని మేలు ఏమనగా, సామాన్య గాయకుడు ఎన్నడు వినని గానమును కూడ పుస్తకము చూచి, తన గొంతుకు తగిన ఎత్తున పాడగలిగాడు. ఆ కాలపు గానములలో వ్రాయబడిన స్వరము ఫలానా ఎత్తునే ఉండవలెనను నియమము లేదు. గానము నడిపించువాడు తన సమూహమునకు తగినట్లు ఎత్తుకునేవాడు.

3. ఆర్గన్ రాకతో వచ్చిన చిక్కు

ఆర్గన్ ఆరాధనలో ప్రవేశించిన తరువాత పరిస్థితి మారింది. గొట్టము పొడవు కొలిచి కోసిన తరువాత దాని స్వరము గాయకుని గొంతుతోపాటు పైకి క్రిందికి జరుగదు. ఒక వాక్యము ఆర్గన్ వాయించి, తరువాతి వాక్యము క్వయర్ పాడే పద్ధతి వాడుకలోనికి వచ్చినప్పుడు, ఆర్గన్ నిలిచిన ఎత్తు గాయకులకు అందకపోతే ఎవరు సర్దుకొనవలెను?

జర్మనీలో అంధుడైన ఆర్గన్ విద్వాంసుడు ఆర్నోల్ట్ ష్లిక్ 1511లో ఆర్గన్ నిర్మాతల కొరకు ఒక గ్రంథమును ప్రచురించాడు. ఆర్గన్ యొక్క ఎత్తు క్వయర్ గానమునకు అనుకూలముగా ఉండవలెనని, గాయకులు మరీ పైన గాని మరీ క్రింద గాని పాడవలసిన అవసరము రాకూడదని ఆయన వాదన. అందుకొరకు గొట్టము కొలతను లెక్కించుటకు పుస్తకములోనే ఒక గీతను ముద్రించాడు. వాద్యమును తయారుచేసే దశలోనే మనుష్యుల గొంతును కొలబద్దగా తీసికొనవలెనని ఒక వాద్యకారుడే చెప్పడము విశేషము.

అయినను ఊరికొక ఎత్తు నిలిచిపోయింది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723లో లైప్‌జిగ్ పట్టణములో పరిచర్య ఆరంభించినప్పుడు అక్కడి దేవాలయముల ఆర్గన్లు ఇతర వాద్యములకంటె ఒక పూర్ణస్వరము పైన పలికేవి. అందుచేత ఆయన కృతులలో ఆర్గన్ వాయించువాని ప్రతిని ఒక పూర్ణస్వరము క్రిందికి మార్చి వ్రాసేవారు. వయొలిన్ వాయించువాడు ఒక శ్రుతిని, ఆర్గన్ వాయించువాడు మరియొక శ్రుతిని చూచి వాయించినప్పుడు చెవికి ఒక్కటిగా వినబడేది. శ్రుతి మార్పు అనేది సంగీతము చాలినంత రానివారు చేసే సర్దుబాటు అని తలంచేవారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. ఆ మహా సంగీతకారుని ఆరాధన ప్రతులలో అది ప్రతివారపు పని.

ప్రపంచమంతటికి ఒకే ఎత్తు అనే ఆలోచన చాల ఇటీవలిది. 1859లో ఫ్రాన్సు ప్రభుత్వము "ఎ" స్వరమునకు సెకనుకు 435 కంపనములుగా నిర్ణయించింది. 1939లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశము 440గా అంగీకరించింది. అందుచేత 18వ శతాబ్దపు కీర్తనకు "అసలు శ్రుతి ఇదే" అని మనము పట్టుబట్టడములో చారిత్రక ఆధారము అంతగా లేదు. ఆనాటి "జి" నేటి మన కీబోర్డుమీది "జి" కాకపోవచ్చును.

4. వాద్యము లేని సంఘములు: బోస్టను అనుభవము

ఆర్గన్ లేని సంఘములలో శ్రుతి భారము ఒక మనుష్యునిమీద పడేది. 17వ శతాబ్దములో ఉత్తర అమెరికాలోని న్యూ ఇంగ్లాండు ప్రాంతములో స్థిరపడిన ప్యూరిటనులు దైవారాధనలో వాద్యములు లేకుండ దావీదు కీర్తనలను పాడేవారు. 1640లో వారు ముద్రించిన కీర్తనల పుస్తకము "బే సామ్ బుక్" అనే పేరుతో ప్రసిద్ధి. దానిలో మొదట రాగములు లేవు. 1698 నాటి తొమ్మిదవ ముద్రణలో 13 రాగములను చేర్చారు. వాటితోపాటు, పాట ఎత్తుకొనువానికి శ్రుతిని గూర్చిన సూచనలు కూడ ఇచ్చారు.

ఆ సూచనల సారాంశము ఇది. మొదట రాగము మొత్తము ఎన్ని స్వరముల మేర వ్యాపించినదో చూడవలెను. తరువాత మొదటి స్వరము ఆ మేరలో ఎక్కడ ఉన్నదో, దానికి పైన ఎన్ని, క్రింద ఎన్ని స్వరములు ఉన్నవో లెక్కించవలెను. పైన కీచుమనకుండ, క్రింద గొణగకుండ, నడిపించువాని గొంతుకును ప్రజల గొంతుకును అందే విధముగా మొదటి స్వరమును ఎత్తుకొనవలెను. ఏ రాగమునకు క్రిందుగా ఆరంభించవలెనో, ఏ రాగమునకు కొంచెము ఎత్తుగా ఆరంభించవలెనో కూడ పేర్లతో తెలియజేశారు. మధ్యయుగ సన్యాసుల రెండవ ప్రశ్నయే ఇక్కడ సామాన్య సంఘము కొరకు తిరిగి వేయబడింది. నడిపించువాని గొంతుతోపాటు ప్రజల గొంతును కూడ లెక్కలోనికి తీసికొనవలెనని చెప్పుట ఇందులో ముఖ్యమైన సంగతి.

ఈ పని సులువు కాదని అదే పట్టణములోని న్యాయాధిపతి సామ్యుల్ సీవాల్ దినచర్య గ్రంథము సాక్ష్యమిస్తుంది. ఆయన బోస్టనులోని సౌత్ చర్చిలో సుమారు 24 సంవత్సరములు పాట ఎత్తుకునే సేవ చేశాడు. 1705 డిసెంబరులో ఒక దినమున ఒక రాగము ఎత్తుకొనబోయి మరియొక రాగములో పడ్డాడు. సరిదిద్దుకొనబోయి మరీ ఎత్తైన శ్రుతిలోనికి వెళ్ళిపోయాడు. చివరకు మరియొకరిని ఎత్తుకొమ్మని బ్రతిమాలవలసి వచ్చింది. దైవారాధనకు తాను ఆటంకమైనందుకు ప్రభువు తనను తగ్గించి నేర్పించవలెనని ఆ రాత్రి వ్రాసుకున్నాడు. 1718లో తాను ఎత్తుకున్న రాగమును విడిచి సంఘము మరియొక రాగములోనికి జారిపోవడము రెండుసార్లు జరిగినప్పుడు, దానిని ఒక సూచనగా తీసికొని ఆ సేవను ఇతరులకు అప్పగించాడు. న్యాయస్థానములో తీర్పు చెప్పే పెద్దమనిషి, సంఘము పాడలేకపోతున్నది కాబట్టి లోపము తనదేనని ఎంచాడు. సంఘముమీద నేరము మోపలేదు. గానము నడిపించువారికి ఇది మంచి మాదిరి.

5. కర్వెన్ బోధకుడు, అందరికి అందే పద్ధతి

19వ శతాబ్దములో ఇంగ్లాండులో ఈ సమస్యకు ఇద్దరు విశ్వాసులు పరిష్కారము వెదకారు. నార్విచ్ పట్టణములో సారా గ్లోవర్ (1786-1867) అనే ఉపాధ్యాయురాలు పిల్లలకు కీర్తనలు నేర్పుటకు, ఐదు గీతల స్వరలిపి బదులు అక్షరములతో వ్రాసే పద్ధతిని తయారుచేసి 1835లో ప్రచురించింది. సంఘమంతటిచేత కీర్తనలు పాడించుటయే తన ఉద్దేశ్యమని పుస్తకము పేరులోనే తెలియజేసింది. కాంగ్రిగేషనల్ సంఘ బోధకుడైన జాన్ కర్వెన్ (1816-1880) ఆ పద్ధతిని తీసికొని అభివృద్ధిచేశాడు. 1841లో హల్ పట్టణములో జరిగిన ఆదివారపు బడి ఉపాధ్యాయుల సమావేశము, పాటలు నేర్పుటకు మంచి మార్గమును కనుగొనుమని ఆయనను కోరింది. ఆ కోరిక ఆయన జీవిత పరిచర్యగా మారింది.

టానిక్ సోల్‌ఫా అనబడే ఆ పద్ధతి సూత్రము సరళమైనది. పాట ఏ శ్రుతిలో ఉన్నను ఆధార స్వరము "డో". పేజీ పైభాగమున "శ్రుతి జి" అనియో, "శ్రుతి ఎఫ్" అనియో ఒక్క మాట ఉంటుంది. క్రింద అక్షరములు ఎల్లప్పుడు ఒకే విధముగా ఉంటాయి. శ్రుతి మార్చవలెనంటే పైనున్న ఆ ఒక్క మాటను మారిస్తే చాలును. పాటలో ఒక్క అక్షరమును తిరిగి వ్రాయనక్కరలేదు. ఐదు గీతల స్వరలిపిలో శ్రుతి మార్పు పండితుని పని. కర్వెన్ పద్ధతిలో అది ఆదివారపు బడి పిల్లవాని పని అయింది.

చవకగా ముద్రించగలిగినందున, వాద్యము అవసరము లేనందున మిషనెరీలు ఈ పద్ధతిని మడగాస్కరునకు, దక్షిణాఫ్రికాకు, పసిఫిక్ ద్వీపములకు తీసికొనిపోయారు. మన దేశములో వేల్సు మిషనెరీల ద్వారా మిజోరాములో అది వేరూనింది. అక్కడి సంఘములలో సోల్‌ఫా చూచి నాలుగు స్వరములలో పాడుట సామాన్య విశ్వాసుల అలవాటుగా నిలిచింది.

6. తెలుగు సంఘములో శ్రుతి ప్రయాణము

తెలుగు దేశములో ప్రొటెస్టెంటు మిషను పరిచర్య 1805లో విశాఖపట్టణమున ఆరంభమైనది. తరువాతి దశాబ్దములలో రెండు విధములైన పాటలు ప్రక్క ప్రక్కన పెరిగాయి. ఒకటి పాశ్చాత్య రాగములకు కట్టిన అనువాద కీర్తనలు. రెండవది పురుషోత్తమ చౌదరి (1803-1890) గారివంటి భక్తులు కర్ణాటక సంగీత మర్యాదలో రచించిన కీర్తనలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే కీర్తన పైన రాగము, తాళము కనబడతాయి. శ్రుతి కనబడదు. ఇది సంపాదకుల మరపు కాదు. మన సంగీతములో రాగము, తాళము పాటకు చెందినవి. శ్రుతి పాడేవానికి చెందినది. శ్రుతి వ్రాయకపోవుటలోనే సంఘమునకు ఒక స్వేచ్ఛ దాగి ఉన్నది.

మన సంప్రదాయములో శ్రుతి మార్పునకు ఒక ప్రత్యేక ఏర్పాటు కూడ ఉన్నది. పున్నాగవరాళి, నాదనామక్రియవంటి రాగములు పై షడ్జమము వరకు నిండుగా వెళ్ళవు. వాటిని మామూలు షడ్జమముమీద పాడితే పాట క్రిందనే ఉండిపోయి కాంతిహీనమవుతుంది. అందుచేత గాయకులు మధ్యమమును షడ్జమముగా ఎంచి, పాటను పైకి లేపి పాడతారు. దీనినే మధ్యమ శ్రుతి అంటారు. పాట వ్యాపించే మేరను బట్టి ఆధారమును జరపవలెననే జ్ఞానము మనకు బయటినుండి వచ్చినది కాదు.

1842లో అలెగ్జాండర్ దెబేన్ అనే ఫ్రెంచివాడు హార్మోనియమునకు పేటెంటు పొందాడు. అదే సంవత్సరము లూథరన్ మిషనెరీ హయ్యర్ గారు గుంటూరు చేరారు. ఆ శతాబ్దము చివరికి హార్మోనియము, చేతితో తిత్తి ఊదే చిన్న రూపములో, మన దేశమంతట వ్యాపించింది. గ్రామ సంఘములకు ఇది గొప్ప ఆదరువు. దానితో మన శ్రుతులకు అంకెలు స్థిరపడ్డాయి. సి మెట్టును ఒకటి శ్రుతి అని, సి షార్ప్‌ను ఒకటిన్నర అని, జి ని ఐదు శ్రుతి అని పిలిచే వాడుక హార్మోనియము మెట్ల లెక్కయే. ఈ వాద్యములో స్థాయి పన్నెండు సమాన భాగములుగా విభజింపబడినందున ఏ మెట్టును షడ్జమముగా తీసికొన్నను రాగము ఇంచుమించు ఒకే విధముగా పలుకుతుంది. అయితే గమకములు పలుకవు. ఈ కారణముచేత ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును నిషేధించింది. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. సంఘములు మాత్రము దానిని విడువలేదు.

హార్మోనియము వాయించిన మన పెద్దలు సాధారణముగా మొదట తాము సన్నగా పాడి చూచుకొని, సంఘమునకు అందే మెట్టును ఎన్నుకునేవారు. కాసెట్టు, ఆ తరువాత సి.డి., నేడు ఫోను వచ్చిన తరువాత వరుస తలక్రిందులైనది. స్టూడియోలో ఒక శ్రేష్ఠమైన గొంతుకు తగిన శ్రుతిలో పాట ముద్రింపబడుతున్నది. దానిని విని ఎవరో కార్డ్స్ వ్రాస్తున్నారు. ఆ కార్డ్స్ చూచి వాద్యకారులు వాయిస్తున్నారు. రాగము, తాళము ఉండే చోట "స్కేలు" వచ్చి కూర్చున్నది. ఒక గాయకుని శ్రుతి పాట యొక్క శ్రుతి అయిపోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కర్ణాటక సంగీత గాయకులలో పురుషులు తరచుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతులలో, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతులలో పాడతారు. ఈ రెండింటి మధ్య దూరము పూర్తి స్థాయి కాదు. కాబట్టి స్త్రీపురుషులు కలిసి పాడే సంఘములో ఎవరి సొంత శ్రుతియు అందరికి సరిపోదు. సంఘమునకు శ్రుతి అనేది ఒకరి గొంతులో సిద్ధముగా దొరికేది కాదు. ఒకరి నిమిత్తము ఒకరు తగ్గి కనుగొనవలసినది. బలముగలవారు తమ్మును తామే సంతోషపరచుకొనక బలహీనుల దౌర్బల్యములను భరించవలెనని పౌలు రోమా 15:1లో చెప్పిన మాట ఆహార నియమముల చర్చలో వచ్చినది. అది గానమునకు కూడ వర్తిస్తుందని నా మనవి.

7. కాపరులకు కొన్ని ఆచరణ సూత్రములు

మొదటిది, శ్రుతిని గుర్తించుట. పాటను చివరి వరకు పాడి, ఎక్కడ పూర్తిగా విశ్రమించినట్లు తోస్తుందో ఆ స్వరమును హార్మోనియముమీద వెదకవలెను. సాధారణముగా అదే షడ్జమము. తరువాత గాంధారమును చూడవలెను. షడ్జమమునుండి నాలుగు అర్ధస్వరముల దూరముననుంటే మేజర్, మూడు అర్ధస్వరముల దూరముననుంటే మైనర్. వాడిన మెట్లను మాత్రమే చూచి తీర్పు తీర్చకూడదు. తెల్లమెట్లతోనే సి మేజర్ పలుకుతుంది, ఎ మైనర్ కూడ పలుకుతుంది. మన భాషలో శంకరాభరణము, నటభైరవి. మోహన స్వరములనే తీసికొని రిషభమును షడ్జమము చేస్తే మధ్యమావతి, గాంధారమును చేస్తే హిందోళము వస్తాయి. మెట్లు అవే, ఇల్లు వేరు. కొన్ని కీర్తనలు పల్లవిని సగములో ఆపి ముగిస్తాయి కాబట్టి, చివరి స్వరము అనుమానము కలిగిస్తే తంబురవలె ఆ స్వరమును నిలిపి పట్టి పాట మొత్తము పాడి చూడవలెను. చెవి తప్పును త్వరగా పట్టుకుంటుంది.

రెండవది, మేరను కొలుచుట. పాటలోని అతి క్రింది స్వరమును, అతి పై స్వరమును గుర్తించవలెను. సామాన్య సంఘములో స్త్రీలకు హార్మోనియము మధ్య స్థాయి సి నుండి పై డి వరకు, పురుషులకు దానికి ఒక స్థాయి క్రిందను పాడుట సులువు. పై స్వరము దీనిని మించితే పాటను దించవలెను.

మూడవది, మార్చుట. ఒక పాట జి మేజర్‌లో ఉన్నదని, షడ్జమమునుండి పై రిషభము వరకు వెళుతుందని అనుకుందాము. జి లో ఆ పై రిషభము ఎ. అది సంఘమునకు అందదు. ఆ రిషభము డి వద్దకు రావలెనంటే షడ్జమము సి వద్దకు రావలెను. అనగా ఏడు అర్ధస్వరములు క్రిందికి. అప్పుడు ప్రతి కార్డ్ కూడ ఏడు అర్ధస్వరములు దిగుతుంది. జి స్థానములో సి, సి స్థానములో ఎఫ్, డి స్థానములో జి, ఇ మైనర్ స్థానములో ఎ మైనర్ వస్తాయి. మేజర్ మేజర్‌గాను, మైనర్ మైనర్‌గాను ఉండవలెను. కార్డ్స్‌ను అక్షరములతో కాక ఒకటి, నాలుగు, ఐదు, ఆరు అని స్థానములతో నేర్చుకున్న వాద్యకారునికి ఈ లెక్క కూడ అవసరముండదు. 1950ల చివరిలో అమెరికాలోని నాష్‌విల్ పట్టణములో, సువార్త గీతములు పాడే జోర్డనేర్స్ బృందమునకు చెందిన నీల్ మాథ్యూస్ ఈ అంకెల పద్ధతిని స్టూడియో అవసరముకొరకు రూపొందించాడు. గీడో, గ్లోవర్, కర్వెన్‌లు స్వరములకు చేసినదానిని ఆయన కార్డ్స్‌కు చేశాడు. కీబోర్డుమీద ట్రాన్స్‌పోజ్ బటను, గిటారుమీద కాపో ఇదే పనిని చేతికి శ్రమ లేకుండ చేస్తాయి. వాటిని వాడుట తక్కువతనము కాదు.

ఒక అభ్యంతరమునకు జవాబు చెప్పవలెను. శ్రుతి దించితే పాట ఉత్సాహము తగ్గుతుందని కొందరు యౌవనస్థులు అంటారు. ఒంటరి గాయకుని విషయములో ఇది కొంతవరకు నిజము. ప్రత్యేక గీతమును పాడేవారు తమకు తగిన శ్రుతిలోనే పాడవలెను. సంఘగానములో మాత్రము ఉత్సాహము ఎత్తువలన వచ్చేదానికంటె అనేకులు నోరు తెరచుటవలన వచ్చేదే ఎక్కువ.

ముగింపు

వాద్యముల ధ్వనిలో భేదము తెలియకపోతే ఊదినది ఏమిటో ఎట్లు తెలియునని పౌలు 1 కొరింథీ 14:7లో ప్రశ్నిస్తాడు. అదే అధ్యాయములో కీర్తన పాడుట కూడ సంఘ క్షేమాభివృద్ధి కొరకే జరుగవలెనని 26వ వచనములో బోధిస్తాడు. మనము పరిశీలించిన చరిత్రలో గీడో, ష్లిక్, బోస్టను పెద్దలు, గ్లోవర్, కర్వెన్, మన కీర్తనకారులు వేర్వేరు కాలములలో, వేర్వేరు సాధనములతో ఒకే దిశగా నడిచారు. పాటను మనుష్యుని గొంతు దగ్గరకు తెచ్చారు. వాద్యము ఎప్పుడెప్పుడు స్థిరపడి గొంతును తన దగ్గరకు రమ్మన్నదో అప్పుడెల్ల సంఘములో కొందరు మౌనులయ్యారు.

వచ్చే శనివారము సాయంకాలము అభ్యాస సమయమున కాపరి ఒక పని చేయవచ్చును. ఎన్నుకున్న పాటలను మైకు లేకుండ, సంఘములోని ఒక వృద్ధురాలిని, ఒక సామాన్య పురుషుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కసారి పాడించవలెను. వారి గొంతు ఎక్కడ ఆగుతుందో అక్కడ వాద్యకారునితో, "రెండు మెట్లు దించు బాబూ" అని చెప్పవలెను. ఆ రెండు మెట్లు దిగినందువలన పాటకు నష్టము ఏమియు కలుగదు.